మాత్ర గొంతు దిగేదాకా

కెనడాలో రెజైనా అనే ఊళ్ళో, మా పబ్లిక్ హెల్త్ ఆఫీసులో నేను చేసేది పైకి చూస్తే చాలా చిన్న పని. క్షయ వచ్చినవాళ్ళ ఇంటికి పొద్దున్నే వెళ్ళడం, వాళ్ళు మాత్రలు మింగుతుంటే ఎదురుగా కూర్చుని చూడడం, కాగితం మీద తేదీ పక్కన నా పొడి అక్షరాలు వేసి రావడం. మందు రాసేది డాక్టరు. అది పనిచేస్తోందో లేదో కనిపెట్టేది నర్సు. మాత్ర గొంతు దిగిందా లేదా అన్నంతవరకే నా బాధ్యత. మావారి స్నేహితులొకాయన ఒకసారి మా ఇంట్లో భోంచేస్తూ, ఒకళ్ళు మాత్ర మింగుతుంటే ఇంకొకళ్ళు చూడడం కూడా ఉద్యోగమేనా అని నవ్వారు. ఉద్యోగమేనండీ, ఇంకాస్త పప్పు వేసుకోండి అన్నాను.

ఆయన్ని తప్పు పట్టను. తెలియనివాళ్ళకు అలాగే ఉంటుంది. క్షయ మందు ఆరు నెలలు వాడాలి. రెండో నెల వచ్చేసరికి దగ్గు పోతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్ళు తేలికవుతుంది. ఇంకెందుకీ మాత్రలు అని విసుగు మొదలవుతుంది. అక్కడ మానేస్తే లోపల మిగిలిన జబ్బు మొండికెత్తి, తర్వాత అదే మందు ఇచ్చినా లొంగదు. ఇంట్లో మిగతావాళ్ళకు కూడా ఆ మొండి జబ్బే అంటుకుంటుంది. అందుకని ఎవరో ఒకరు పొద్దున్నే వెళ్ళి చూడాలి. మంచు కురిసినా, కారు తలుపు గడ్డకట్టి తెరుచుకోకపోయినా వెళ్ళాలి. అలా వెళ్ళేవాళ్ళలో నేనూ ఒకదాన్ని అయినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోని రోజు లేదు.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నతనంలో నాకు ఉబ్బసం. బడికి వెళ్ళే దారి పొడుగునా ఇటుక బట్టీలుండేవి. ఆ పొగలో నడిచి వస్తే సాయంత్రానికి ఊపిరందేది కాదు. మా అమ్మ రెండు నెలలు చూసి, ఇక చాల్లే అని నన్ను వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టింది. ఒక చేత్తో కూర కలుపుతూ ఎక్కాలు అప్పచెప్పించుకునేది. పదో తరగతి ప్రైవేటుగా రాశాను, డిగ్రీ పోస్టులో వచ్చిన పాఠాలతో చదివాను. ఇక్కడికి వచ్చాక ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూలో ముందు ఏం చేశారని అడిగారు. ఉద్యోగం అంటూ ఏమీ చేయలేదు, మా అత్తగారికి ఎనిమిదేళ్ళు పూట తప్పకుండా మందులు ఇచ్చాను అని నిజం చెప్పాను. బల్లకు అవతల కూర్చున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక రాదులే అనుకుని ఇంటికొచ్చాను. వచ్చింది.

మా ఆఫీసంటే ఒక పొడుగాటి నడవా, దానికి రెండు వైపులా గదులు. ఒక గదిలో టీకాల ఫ్రిజ్ ఉంటుంది. దాని చల్లదనం ఎంతుందో రోజుకు రెండుసార్లు చూసి రాస్తారు. పక్క గదిలో హోటళ్ళ వంటిళ్ళు తనిఖీ చేసేవాళ్ళు బూట్లు దులుపుకుంటుంటారు. ఇంకో బల్ల మీద, చుట్టుపక్కల పొలాల నుంచి రైతులు తెచ్చిన బావినీళ్ళ సీసాలు. బాలింతల ఇళ్ళకు వెళ్ళే నర్సులు పసిపిల్లల త్రాసును సంచిలో పెట్టి భుజానికి తగిలించుకుని బయల్దేరుతారు. వీళ్ళెవరి పేరూ ఎవరికీ తెలియదు. ఊళ్ళో ఎవరికీ ఏమీ కాకపోతే వాళ్ళ పని బాగా జరిగినట్టు. ఆ నడవాలో నడుస్తుంటే నాకు, చెప్పుకోకూడదు గానీ, గుడి ప్రాకారంలో నడుస్తున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు చెప్పబోయే పెద్దావిడ ఈ సంగతి రాయమని తానే అన్నారు. నా పేరు మాత్రం వద్దు, మిగతాదంతా ఉన్నదున్నట్టు రాయి, నీ తప్పు కూడా రాయి అన్నారు. అందుకే రాస్తున్నాను.

ఒక జనవరిలో మా నర్సు నాకు కొత్త ఫైలు ఇచ్చింది. పైనున్నది తెలుగు పేరు. ఊళ్ళో మన తెలుగువాళ్ళు అంతా కలిపి ఒక పెళ్ళి పందిట్లో పట్టేంతమంది. గుడిలోనో, పుట్టినరోజు భోజనాల దగ్గరో ఎదురుపడకుండా ఉండరు. తెలుగావిడ ఇంటికి వస్తే మీకు ఇబ్బందా అని నర్సు ముందే ఫోన్ చేసి అడిగింది. వాళ్ళబ్బాయి తల్లిని అడిగి చెప్పిన జవాబును నర్సు నాకు ఇంగ్లీషులో అప్పచెప్పింది. తెలుగావిడైతే మరీ మంచిది, తిట్టడానికి వీలుగా ఉంటుంది అన్నారట.

ఆవిడ గోదావరి జిల్లాలో ఒక హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్కల టీచరు. రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చి స్థిరపడ్డారు. ఎప్పుడో వయసులో ఉండగా ఒంట్లో చేరి నిద్రపోయిన క్షయ, డెబ్భై దాటాక, ఒక చలికాలం దగ్గుతో బయటపడింది. కోడలు గర్భిణి, ఏడో నెల నిండుతోంది. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. ఇంకెవరికీ అంటలేదు. పెద్దావిడను మాత్రం బేస్‌మెంటులో ఒక గదిలో ఉంచారు. మెట్లెక్కి పైకి రాకూడదు, ఎవరైనా వస్తే మాస్కు పెట్టుకోవాలి. దేవుడి పటాలు కూడా ఆవిడతోపాటు కిందికి దిగి, పాత పుస్తకాల బీరువా మీద సర్దుకున్నాయి. కిటికీకి సగం దాకా మంచు.

మొదటి రోజు నన్ను కింది నుంచి పైదాకా చూసి, ఎంతవరకు చదువుకున్నావమ్మాయ్ అని అడిగారు. చెప్పాను. ఏ బడి అన్నారు.

“బడి కాదండీ. ఇంట్లోనే, మా అమ్మ దగ్గర.”

“మరి హాజరు ఎవరు వేసేవారు?”

“అమ్మే.”

“అయితే ఒక్క రోజు కూడా ఎగ్గొట్టి ఉండవు.”

“ఎగ్గొట్టి ఎక్కడికి పోతానండీ, బడీ ఇల్లూ ఒకటేనాయె.”

ఆవిడ నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక, సరే, ఆ మాత్రలు ఇటు ఇయ్యి అన్నారు.

ఆవిడ కోరిక ఒక్కటే, దాన్ని దాచుకోలేదు. మార్చి మధ్యలో కోడలికి పురుడు. పదకొండో రోజు పురిటి స్నానం నాడు బిడ్డకు తన చేత్తో నీళ్ళు పొయ్యాలి. రెండు కాళ్ళూ బారజాపుకుని, పసిగుడ్డును కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నలుగు పెట్టి పొయ్యాలి. కొడుక్కి అలాగే పోశారు. వాళ్ళ స్కూల్లో పనిచేసే ఆయమ్మ మనవలకు కూడా పోశారట. సున్నిపిండి కొట్టించి తెచ్చుకున్నారు. మెత్తటి పాత చీరలు నాలుగు చింపి, ఉతికి, మడతలు పెట్టుకున్నారు. మా నర్సు ఆవిడకు తేదీలు రాసి ఇచ్చింది. మందు ఒక్క రోజు తప్పకుండా పడితే ఫిబ్రవరి చివర కళ్ళె పరీక్షలు మూడు చేస్తాం, మూడింట్లోనూ ఏమీ లేకపోతే మాస్కు తీసేసి పైకి రావచ్చు, బిడ్డను ఎత్తుకోవచ్చు అంది. ఆ కాగితాన్ని టీచరుగారు దేవుడి పటం పక్కన ఆనించి పెట్టారు.

రోజూ ఎనిమిది మాత్రలు. ఏడు తెల్లవి, ఒకటి ఎర్ర గొట్టం మాత్ర. నేను వెళ్ళేసరికి స్నానం చేసి దీపం పెట్టుకుని ఉండేవారు. మాత్రలను స్టీలు పళ్ళెంలో వరసగా పేర్చుకుని, ఒక్కొక్కటే తీసుకుని మాస్కు కిందికి లాగి నోట్లో వేసుకునేవారు.

నా తప్పు అక్కడే జరిగింది. తినేవాళ్ళ నోటి వంక చూడకూడదని మా అమ్మ నేర్పింది. దిష్టి తగులుతుంది. పెద్దవాళ్ళయితే మరీ అమర్యాద. నా ఉద్యోగంలో మిగతావాళ్ళ దగ్గర ఇది ఎప్పుడూ అడ్డం రాలేదు. ఒక లారీ డ్రైవరు ఉండేవాడు, యూనివర్సిటీలో చదివే ఒకమ్మాయి ఉండేది. వాళ్ళ ఎదురుగా కూర్చుని గుడ్లప్పగించి చూసేదాన్ని. ఈ ఇంట్లో మాత్రం, తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, మా అమ్మ వయసున్న మనిషి చెయ్యి నోటి దగ్గరికి ఎత్తగానే, నా తల దానంతటదే పక్కకు తిరిగేది. దేవుడి పటాల వైపు చూసేదాన్ని. ఆ అర నిమిషం ఊరికే ఉండకుండా, స్వామీ ఈవిడకు తొందరగా నయం చెయ్యి, బిడ్డను ఎత్తుకోనీ అని మొక్కుకునేదాన్ని. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినగానే తల తిప్పేదాన్ని. పళ్ళెం ఖాళీ. పొడి అక్షరాలు వేసేదాన్ని. నేను మంచి పనే చేస్తున్నానని, పైగా ఒక పని దగ్గర రెండు చేస్తున్నానని అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, పని ముగించుకుని మెట్లెక్కి పైకి వస్తుంటే, కోడలు వంటింట్లోంచి పలకరించింది. పొద్దున పూట నడుం నొప్పిగా ఉంటోందని చెప్పి, ఒక సంతోషమైన కబురు కూడా చెప్పింది. అత్తయ్యగారి జేబురుమాళ్ళకు, జాకెట్లకు మొదట్లో నారింజ రంగు మరకలు అయ్యేవట. వాళ్ళాయన ఉతకలేక విసుక్కునేవాడట. వారం పైన అయింది, ఒక్క మరక లేదు.

“మందు ఒంటికి అలవాటైపోయినట్టుంది కదా ఆంటీ” అంది.

అవునమ్మా అనేసి, బూట్లు తొడుక్కుని బయటికొచ్చాను. కారులో కూర్చుని ఇంజను వేడెక్కేదాకా ఆగాను. అప్పుడు బుర్రలోకి దిగింది. ఈ ఉద్యోగంలో నర్సు మొదటి రోజే నాకు నేర్పిన పాఠం అది. ఆ ఎర్ర మాత్ర ఒంట్లో ఉన్నన్నాళ్ళూ చెమట, కన్నీళ్ళు, మూత్రం, అన్నీ నారింజ రంగులో వస్తాయి. అది అలవాటై పోయే రంగు కాదు. రంగు పోయిందంటే మాత్ర ఒంట్లోకి పోవడం లేదు.

నా సంచిలో కాగితం ఉంది. ప్రతి తేదీ పక్కనా నా అక్షరాలు. చూశాను అని నేను వేసిన సంతకాలు. చూడలేదు.

ఉన్నదున్నట్టు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఆ కారులో కూర్చుని ఒక్క క్షణం, సోమవారం నుంచి కళ్ళు తిప్పకుండా చూస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. ఎవరికీ తెలియదు. ఆవిడకు మార్చిలో బిడ్డ దొరుకుతుంది, నాకు ఉద్యోగం ఉంటుంది. ఆ క్షణంలో దేవుడి పేరు తలుచుకోవడానికి కూడా నోరు రాలేదు. ఎందుకంటే తప్పు చేసినప్పుడల్లా నేను ఆయన వైపే చూస్తూ ఉన్నాను. ఇంజను ఆపి, మళ్ళీ లోపలికి వెళ్ళాను.

టీచరుగారు నన్ను చూసి, ఏమైనా మర్చిపోయావా అన్నారు. మాస్కు సర్దుకుని కుర్చీలో కూర్చున్నాను.

“ఆ ఎర్ర మాత్ర ఏం చేస్తున్నారు టీచరుగారూ?”

ఆవిడ బుకాయించలేదు. లేచి, బీరువాలో చీరల మడతల కిందినుంచి ఒక చిన్న కుంకుమ భరిణె తీసి, మూత తెరిచి నా ముందు పెట్టారు.

“తొమ్మిది. లెక్క సరిపోయిందో లేదో చూసుకో.”

సరిపోయింది. వారానికి ఐదు రోజులు మందు. దాదాపు రెండు వారాలు.

ఎందుకని అడిగాను. మొదట తమాషాగానే మొదలుపెట్టారు. ఎనిమిదింట్లో ఏడు మింగుతున్నాను కదా, ఎనభై ఏడున్నర శాతం, ఫస్టు క్లాసు కంటే ఎక్కువే అన్నారు. నేను నవ్వలేదు. అప్పుడు గొంతు తగ్గించి చెప్పారు. ఒక రోజు పటాల ముందు కూర్చుని, బిడ్డను ఎత్తుకుంటానో లేదోనని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. పైటతో తుడుచుకుంటే తెల్ల చీరకు ఎర్రటి మరక. ఈ మాత్ర తన రక్తాన్ని కరిగించి బయటికి తోడేస్తోందనుకున్నారు. రంగు వస్తుందని కాగితంలో రాసి ఉంది, ఆవిడ చదివారు కూడా. కానీ కాగితం మీద చదవడం వేరు, తన కన్నీళ్ళలో తాను చూసుకోవడం వేరు. కొడుకుతో చెబితే కంగారు పడతాడు. కోడలితో చెప్పే పరిస్థితి కాదు. అందుకని ఆ ఒక్క మాత్రను అరచేతిలో నొక్కి పెట్టి, బొడ్లో దోపుకోవడం మొదలుపెట్టారు.

“నాతో అనొచ్చు కదండీ” అన్నాను.

“అందామనే అనుకున్నా. నువ్వు నా వైపు చూస్తే కదా” అన్నారు. “ముప్ఫై ఏళ్ళు పరీక్ష హాల్లో నిలబడ్డానమ్మాయ్. ఇన్విజిలేటర్ తల తిప్పుకున్నాక పిల్లవాడు కాపీ కొడితే, నేను ముందు ఇన్విజిలేటర్‌నే నిలదీసేదాన్ని” అన్నారు.

ఈ పరీక్షలో పాసు మార్కులు నూటికి నూరండీ, ఇద్దరం తప్పాం అన్నాను. ఆఫీసులో చెబుతానని కూడా చెప్పాను. బిడ్డ సంగతి ఏమవుతుందని అడిగారు. తెలియదన్నాను.

మా నర్సు ఇక్కడి గోధుమ పొలాల పిల్ల. రెండు తరాల కిందట ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళు. తక్కువ మాట్లాడుతుంది. నేను భరిణె, కాగితం ఆవిడ బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎర్ర మాత్ర సంగతి, మరకల సంగతి, నేను తల తిప్పుకున్న సంగతి. ఎందుకు తిప్పుకున్నారు అని అడిగింది. దిష్టి అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికి తంటాలు పడ్డాను. ఆవిడ చివరిదాకా విని, దూడ పుట్టినప్పుడు ఎవరైనా ఎంత బాగుందో అంటే మా నాయనమ్మ వెంటనే మూడుసార్లు ఉమ్మేది, నాకు తెలుసు అంది. ఆ తర్వాత గొంతు మారలేదు గానీ, మాట గట్టిగానే ఉంది. మీరు చూడకపోతే ఆ సంతకానికి విలువ లేదు, ఆ సంతకాన్ని నమ్మే నేను పసిబిడ్డను ఆవిడ చేతుల్లో పెట్టమని చెప్పేదాన్ని అంది.

మరకలు పడిన ముందు రోజులకు ఆ రంగే సాక్ష్యమని వదిలేసి, తొమ్మిది తేదీల మీదా గీత గీసి, పక్కన ‘చూడలేదు’ అని నాచేతే రాయించింది. ప్రతి దాని పక్కనా పొడి అక్షరాలు వెయ్యమంది. పై అధికారికి నా ముందే ఫోన్ చేసింది. డాక్టరుకు చేసింది. ఉద్యోగం పోతుందనుకుని కూర్చున్నాను. ఫోన్ పెట్టేసి, సోమవారం ఇద్దరం కలిసి వెళ్దాం అంది. అంతే. ఇంటికి వెళ్ళాక దేవుడి ముందు కూర్చుంటే, ఏం అడగాలో తెలియక, థాంక్స్ అనే చెప్పుకున్నాను. మా ఆఫీసు గొప్పతనం నాకు ఆ రోజు అర్థమయింది. అక్కడ తప్పు దాచిపెట్టడమే కష్టం, ఒప్పుకోవడం కాదు.

సోమవారం నర్సు ఆ బేస్‌మెంటు గదిలో మంచం ఎదురుగా కింద కూర్చుంది. రంగు సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పింది, నేను తెలుగులో చెప్పాను. అది రక్తం కాదు, మందు తన పని ముగించుకుని వెళ్ళిపోయే రంగు, రాకపోతేనే మాకు భయం అంది. టీచరుగారు తల ఊపారు. అంటే రంగు హాజరు పట్టీ అన్నమాట అన్నారు. నర్సుకు అనువదించి చెబితే, సరిగ్గా అంతే అంది.

తర్వాత అసలు మాట చెప్పింది. ఆ తొమ్మిది రోజులూ లెక్కలోకి రావు. కళ్ళెను మళ్ళీ పరీక్షించి, జబ్బు ఆ మందుకు ఇంకా లొంగుతోందో లేదో చూడాలి. పైకి వెళ్ళడానికి పెట్టుకున్న తేదీ వెనక్కి జరుగుతుంది. ఎంత అని టీచరుగారు నన్నే అడిగారు. నేను చెప్పేలోపే వేళ్ళ కణుపుల మీద తనే లెక్క వేసుకున్నారు. ఒకసారి వేసి, మళ్ళీ వేశారు.

“అంటే పురిటి స్నానం నాకు తప్పిపోతుంది” అన్నారు.

ఆవిడ పటం పక్కనున్న తేదీల కాగితాన్ని తీసి నర్సు చేతికిచ్చి, కొత్తది రాసిమ్మని సైగ చేశారు. నన్ను చూసి, తప్పు లెక్కకు మార్కులు వెయ్యమని అడగను, భయపడకు అన్నారు.

దిష్టి సంగతికి దారి చూపించింది కూడా ఆవిడే. మర్నాడు నేను ఎదురుగా కూర్చుని, కళ్ళు తిప్పకూడదని బిగదీసుకుని ఉంటే, అలా గుడ్లురుముతుంటే నాకు నీళ్ళు కూడా దిగవు, నువ్వూ ఒక గ్లాసు తెచ్చుకో అన్నారు. ఒకరు తింటుంటే ఇంకొకరు చూస్తే దిష్టి, ఇద్దరూ కలిసి కూర్చుంటే అది పంక్తి, పంక్తిలో దిష్టి ఉండదు అని తీర్పు చెప్పారు. ఆ గదిలో నేను మాస్కు తియ్యకూడదు. కాబట్టి నా గ్లాసులో వేడినీళ్ళు ఊరికే చేత్తో పట్టుకుని కూర్చునేదాన్ని. ఆవిడ మాత్ర వేసుకుంటే నేను గ్లాసు ఎత్తేదాన్ని. ఎనిమిది మాత్రలకు ఎనిమిదిసార్లు. ప్రతి మాత్రకూ నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించేవారు. ఎర్రది చివర వేసుకుని, చూశావా, వెయ్యి సంతకం అనేవారు. మర్నాటి నుంచి జేబురుమాలు ఎత్తి మరక చూపించడం కూడా మొదలైంది. వాళ్ళబ్బాయి మళ్ళీ విసుక్కుంటున్నాడని కోడలు సంతోషంగా చెప్పింది.

మార్చిలో, అనుకున్న రోజు కంటే నాలుగు రోజుల ముందే, ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజున మా ఆఫీసు నుంచే ఒక నర్సు త్రాసు సంచితో వెళ్ళి బిడ్డను తూచింది. ఒకే ఇంట్లో పైన మా మనిషి ఒకరు, కింద నేను. గుమ్మంలో ఎదురుపడ్డాం. ఆవిడ నన్ను చూసి కనుబొమ్మ ఎత్తి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది. అది కూడా మా పద్ధతే. ఎవరి రోగి సంగతి వాళ్ళదే.

పదకొండో రోజు నేను వెళ్ళేసరికి టీచరుగారు పట్టుచీర కట్టుకుని, మంచం మీద ఫోన్ ఎదురుగా కూర్చుని ఉన్నారు. ముందు మాత్రలు వేసుకున్నారు. తర్వాత పైనుంచి వీడియోలో కొడుకు కనిపించాడు. వంటింట్లో నేల మీద తువ్వాళ్ళు పరుచుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. బిడ్డ అతని కాళ్ళ మీద ఉంది. కోడలు చెంబు పట్టుకుంది. ఒక అంతస్తు కిందినుంచి ఈవిడ ఆజ్ఞలు. నీళ్ళు మోచేత్తో చూడరా, అరచేత్తో కాదు. తలకు చెయ్యి అడ్డం పెట్టు, కళ్ళలో పడతాయి. సున్నిపిండి రుద్దడం కాదురా, అద్దాలి, అది నీ కారు కాదు. బిడ్డ ఏడుపు ఫోన్లోంచి ఒకసారి, పైకప్పు లోంచి ఒకసారి వినిపించింది. స్నానం ముగిసి బిడ్డను పాత చీర ముక్కలో చుట్టగానే టీచరుగారు ఫోన్ తిరగేసి పెట్టేశారు. బాగానే పోశాడు అన్నారు. నాకు వీపు చూపించి పటాల ముందు కూర్చున్నారు. నేను మెల్లగా వచ్చేశాను. ఆ రోజు ఆవిడకు దక్కకుండా పోయిన దాంట్లో సగం నా వల్లే. ఆ సంగతిని ఇంకో మాట చేర్చి తేలిక చెయ్యను.

కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేటప్పుడు మా నర్సు ఇప్పుడు నన్ను పిలుస్తుంది. తొమ్మిది గీతల కాగితం, రోగి వివరాలు కనపడకుండా తుడిచేసి, వాళ్ళ ముందు పెడతాను. తినేవాళ్ళను చూడకూడదని మీ ఇళ్ళల్లో ఎవరైనా నేర్పారా అని అడుగుతాను. నలుగురు ఉంటే ఇద్దరు చెయ్యి ఎత్తుతారు. ఒక్కొక్కళ్ళ ఇంట్లో ఒక్కో కారణం. అయితే మీరు ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి అంటాను. బడికి రెండు నెలలే వెళ్ళినదాన్ని పాఠం చెప్పడానికి నిలబెట్టిన ఆ ఆఫీసు అంటే నాకు గర్వం. నా తప్పును పారేయకుండా పాఠంగా వాడుకుంటున్నందుకు ఇంకా గర్వం.

పరీక్షల ఫలితాలు ఒకటొకటిగా వచ్చాయి. జబ్బు మందుకు లొంగుతూనే ఉందని ముందు తెలిసింది. మొదటి కళ్ళెలో ఏమీ లేదు. రెండోదాంట్లో ఏమీ లేదు. మూడోది ఏప్రిల్ మొదట్లో ఒక బుధవారం, నేను ఆ గదిలో ఉండగానే తెలిసింది. మా నర్సు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టండి అంది. ‘ఆల్ క్లియర్’ అని రెండే మాటలు చెప్పింది. నేను తెలుగులో చెప్పబోతుంటే టీచరుగారు చెయ్యెత్తి ఆపారు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ వచ్చులే అన్నారు.

ముందు మిగిలిన మూడు మాత్రలు వేసుకున్నారు. నోరు తెరిచి చూపించారు. నేను సంతకం పెట్టేదాకా ఆగారు. అప్పుడు మాస్కు తీసి, మడిచి, చెత్తబుట్టలో వేశారు. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నారు. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద ఆగుతూ పైకి ఎక్కారు. నేను వెనకాల.

కోడలు సోఫాలో బిడ్డకు పాలిచ్చి భుజాన వేసుకుని ఉంది. అత్తగారిని మెట్ల పైన చూసి లేచింది. ఆవిడ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని, చీర సర్దుకుని, రెండు కాళ్ళూ బారజాపారు. నీళ్ళు లేవు, సున్నిపిండి లేదు, ఏమీ లేదు. ఊరికే కాళ్ళు జాపుకుని చేతులు చాచారు. కోడలు వంగి బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టింది. ఇరవయ్యారు రోజుల పిల్ల ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, పిడికిలి నోట్లో పెట్టుకుంది.

టీచరుగారు ఆ పిడికిలి వైపు చాలాసేపు చూశారు. తర్వాత తలెత్తకుండానే నాతో, రేపు మామూలు వేళకే రా అన్నారు. ఇంకా నాలుగు నెలల మందు ఉంది. వస్తానండీ అని చెప్పి, బూట్లు తొడుక్కుని, తొమ్మిదింటికి నా కోసం ఎదురుచూసే ఇంకో ఇంటికి బయల్దేరాను.